గీత గీతా కనబడాలి

"ఇది లోగోనా, కాఫీ మరకా?" అంటూ అత్తగారు తన కొత్త ఫోనును అల్లుడి ముక్కుకి ఆనించినంత పని చేసింది.

తాళాల దుకాణానికి ఆవిడే యజమాని. మావగారు తాళాలు బాగుచేసే మేస్త్రి మాత్రమే. దుకాణం తెరిచిన రోజున ఆయన మసి బొటనవేలు పొరపాటున లైసెన్సు కాగితం మీద పడింది. అదే శుభమని ఆవిడ ఆ ముద్రనే దుకాణం గుర్తుగా ఖాయం చేసింది. ఆయన వద్దు మొర్రో అన్నాడు. ఆవిడ ఒకటనుకున్నాక దేవుడైనా తల ఊపాల్సిందే.

"పాత బొమ్మ మరీ చిన్నది అత్తయ్యా. కొత్త తెరల్లో చుక్కలు కిక్కిరిసి ఉంటాయి. సాగదీస్తే అలుక్కుపోతుంది."

"కథలొద్దు. వారంలో గీత గీతా కనబడాలి. కనబడితే వెబ్‌సైటు నీ చేతికి. లేదంటే ఆకురాయి పట్టుకుని తాళంచెవులు అరగదీసుకో."

చదివిన చదువంతా ఆకురాయి కింద పొడైపోతున్నట్టు తోచింది అల్లుడికి. మావగారి దగ్గరికి పరిగెత్తాడు.

"కాగితం మీద ఒక్కసారి వేలు నొక్కండి మావయ్యా."

ఆయన రబ్బరు తొడుగులు తియ్యనే లేదు. వాటితోనే పని, వాటితోనే టీ. సొంత ఫోనుకి కూడా వేలిముద్ర పెట్టడు, అంకెలే నొక్కుతాడు.

"మసగ్గా ఉంటేనే లక్షణంగా ఉందోయ్. మరీ స్పష్టంగా ఉంటే దిష్టి తగులుతుంది."

"మీకేం తెలీదు, ఊరుకోండి!" అంటూ అత్తగారు పెట్టె అడుగు నుంచి ఆ లైసెన్సు కాగితం తీసి అల్లుడి చేతిలో పెట్టింది.

అల్లుడు దాన్ని పెద్దగా స్కాన్ చేశాడు. ఒక్కో గీతా మళ్ళీ మౌసుతో గీశాడు. ఇప్పుడది చుక్కల బొమ్మ కాదు, గీతల బొమ్మ. ఎంత పెంచినా చెదరదు. నాలుగు రోజులకి సుడులు, చీలికలు, పక్కనున్న చిన్న గాటుతో సహా తేలాయి.

సైటులో చూసి అత్తగారు మురిసిపోయింది. "చూశారా, మీ వేలు ఎంత ముచ్చటగా ఉందో!"

మావగారు చూశాడు. ముఖం పాలిపోయింది. కొన్నాళ్ళు ఎటైనా తిరిగొస్తానని సూట్‌కేసు సర్దుకున్నాడు.

"అల్లుడికి పేరొస్తే ఈయనకి కడుపుమంట," అంది ఆవిడ.

ఆయన గుమ్మం దాటేలోగా ఒక పెద్దాయన దుకాణంలోకి వచ్చాడు. చేతిలో ఫోను, తెర నిండా లోగో.

"ఇంత శుభ్రంగా గీసిందెవరు?"

"నేనేనండీ!" అల్లుడి ఛాతీ ఉబ్బింది. సూట్‌కేసుతో నిలబడ్డ మావగారి వైపు చెయ్యి చాపాడు. "వేలు మాత్రం మా మావయ్యది."

పెద్దాయన వెలిసిపోయిన కాగితం ఒకటి ఫోను పక్కన పరిచి, "బ్యాంకు ఇనప్పెట్టె మీద దొరికిన ఈ ముద్ర ముప్పై ఏళ్ళుగా మా స్టేషన్లో పడి ఉంది బాబూ, దీని వేలే దొరకలేదు," అన్నాడు.