ముక్కు నలిగిన బోర్డు

బల్ల మీద పెట్టిన బోర్డును చూడగానే మార్నీ చేతిలోని ఉప్పుకాగితం జారి కింద పడింది.

అలల మీద నిలబడి జారే ఆకుపచ్చ సర్ఫింగ్ బోర్డు. మధ్యలో అడ్డంగా పసుపు పట్టీ.

ఏడాది కిందట ఎవడో మదమెక్కినవాడు ఆమె ఎక్కిన అల మీదికి అడ్డంగా దూసుకొచ్చి గుద్దేశాడు. ఎడమ భుజం నుజ్జయింది. నీళ్లలో స్పృహ తప్పేముందు ఆమె కళ్లకు ఆఖరిసారి కనిపించింది ఈ ఆకుపచ్చ రంగు, ఈ పసుపు పట్టీయే.

తెలివొచ్చేసరికి ఆసుపత్రిలో ఉంది. ఆ తర్వాత మళ్లీ అల ఎక్కింది లేదు. మామూలు బోర్డు ఎత్తాలన్నా ఆ భుజం ఒప్పుకోదు. రాష్ట్రం తరఫున పోటీలకు వెళ్లాల్సిన మనిషి, ఇప్పుడు పక్కవాళ్ల బోర్డులకు అతుకులు వేసుకుంటూ బతుకుతోంది.

టలీనా తీరం మొత్తానికి బోర్డులు బాగుచేసే షెడ్డు ఆమెదొక్కటే. వాడెప్పటికైనా ఇక్కడికి రాక చస్తాడా అని కాచుకుని కూర్చుంది.

వచ్చాడు.

"బోర్డు ముక్కు నలిగిందమ్మా. బాగవుతుందా?" అన్నాడతను. సన్నటి మనిషి, నెరిసిన గడ్డం. పేరు స్టాథి అట. అవతలి రేవులో చేపల పడవ ఉందట.

"దేనికి కొట్టుకుంది?" కావాలనే అడిగింది మార్నీ.

అతను చూపు తిప్పుకున్నాడు. "నీళ్లలో ఇలాంటివి అవుతూనే ఉంటాయి కదా."

అవుతూ ఉంటాయిట!

"భుజం ఎలా ఉంది?" అన్నాడు మెల్లగా.

"నా భుజం సంగతి మీకెవరు చెప్పారు?"

"ఊళ్లో అనుకుంటుంటే విన్నా." ఆమెను ఎగాదిగా చూశాడు. "మీరూ నేనూ ఒక్క బరువే ఉంటాం, కదూ?"

"నా బరువుతో మీకేం పని?"

"ఏం లేదు, ఊరికే. ఇది నా బరువుకు కొలతలిచ్చి చేయించుకున్న బోర్డు, లోపల థర్మకోలు, పైన ఎపాక్సీ జిగురు పొర. ఎంత తేలికో చూడండి, ఒంటిచేత్తో ఎత్తొచ్చు. కాస్త గట్టిగా బాగుచేయండమ్మా. ఆదివారం కనుక్కుంటాం."

కుంటుకుంటూ వెళ్లిపోయాడు. ఆ కుంటి నడక చూసి మార్నీకి ప్రాణం కాస్త చల్లబడింది.

పక్కన కాఫీ బండి నడిపే ట్రూడీ కప్పు పట్టుకుని లోపలికొచ్చింది. "వీడేనా ఏమిటే?"

"వీడే. ఆ ముక్కు చూడు. నా భుజానికి తగిలే అలా నలిగింది."

"మరి పోలీసులకు చెప్పవేం?"

"వాళ్లూ అదే అంటారు. నీళ్లలో అవుతూ ఉంటాయంటారు."

మార్నీ అరలోంచి ఒక డబ్బా దించింది. దాని మీది పేరు చదివి ట్రూడీ గతుక్కుమంది.

"ఒసేయ్, ఇది మామూలు రెసిన్ జిగురు కదే! ఎపాక్సీ బోర్డులో పోస్తే లోపలి థర్మకోలంతా కరిగిపోదూ?"

"కరగాలనే పోస్తున్నా."

"వాడికి తెలిసిపోతుందే."

"పైన ఎపాక్సీతోనే పొర వేస్తా. చూడ్డానికి నున్నగా, పెళ్లికూతురిలా ఉంటుంది. పెద్ద అల మీదికెక్కాక కాళ్ల కింద పుటుక్కుమంటుంది."

"చస్తాడే. వద్దే!"

"నేను ఏడాదిగా చావడం లేదూ? వాడికీ ఓ భుజం పోనీ."

ట్రూడీ కాఫీ కప్పు అక్కడే పెట్టేసి వెళ్లిపోయింది.

నలిగిన చోట కన్నం పెద్దది చేసి మార్నీ రెసిన్ పోసింది. లోపల తెల్లటి థర్మకోలు కుంగిపోతూ గుంట పడింది. ఏడాదిగా ఇంత హాయి ఆమె ఎరగదు. తిన్నగా వాడి నెత్తినే పోస్తున్నట్టుంది. మరికాస్త పోసింది. బోర్డు సగం దాకా డొల్లయిందని తట్టి చూసుకుని, అప్పుడు పైన పొర వేసింది. ఆరాక రుద్దింది, రంగు కలిపింది, మెరిసేలా తుడిచింది. ఆ షెడ్డులో ఇంత శ్రద్ధగా ఆమె ఏ బోర్డూ బాగుచేయలేదు.

ఆదివారం సముద్రం పొంగుతోంది. రెండు నిలువుల అలలు లేస్తుంటే చూసి మార్నీ సంబరపడింది.

స్టాథి రాలేదు. అతని భార్య వూలా వచ్చింది, ఐసులో పెట్టిన చేపల పెట్టె మోసుకుంటూ.

"బోర్డు తయారు," అంది మార్నీ. "మీ ఆయన్ని ఇవాళే దిగమనండి. ఇలాంటి అలలు మళ్లీ రావు."

"ఆయనెక్కడ దిగుతాడు తల్లీ! మోకాలు పోయింది కదా. బాగవుతుందేమోనని ఏడాది చూశాం. ఇక కాదనేశారు డాక్టర్లు. ఈ చేపలు నీకే, బోర్డూ నీకే."

"నాకా?"

"నీకే. ఆ పిల్ల భుజం ఇంత తేలిక బోర్డునైతేనే మోస్తుంది, మళ్లీ నీళ్లలోకి దిగుతుంది అని ఇంట్లో ఆయన ఒకటే పోరు. పోయి నువ్వే చెప్పు అంటే సిగ్గు."

"ఓహో! నన్ను గుద్దినందుకు పరిహారమా? అక్కర్లేదని చెప్పండి."

"గుద్దడమేమిటి?" వూలా నోరు తెరిచింది. "నిన్ను గుద్దినవాడు ఎర్ర బోర్డువాడు. వెనక్కైనా చూడకుండా పోయాడు. ఒడ్డునుంచి నేను చూస్తూనే ఉన్నాగా!"

మార్నీ బల్ల అంచు పట్టుకుంది.

వూలా వంగి, మెరుస్తున్న ఆ ముక్కును అరచేత్తో నిమిరింది. "అబ్బ, ఎంత చక్కగా చేశావు తల్లీ! ఆయన చూస్తే మురిసిపోతాడు. ఆ రోజు అల నిన్ను బండకేసి విసురుతుంటే, నీ తలకూ బండకూ మధ్య ఈ బోర్డు దూర్చి, తన కాలు నలుగుతున్నా వదలకుండా దీని మీదే నిన్ను ఒడ్డుదాకా తోసుకొచ్చింది మా ఆయనే."