రొయ్యల మేతలో మందు

రొయ్యల చెరువులో నీటికి గాలి పట్టించే ఏరేటర్ రెక్క తగిలి పోలినాయుడి పాదం తెగింది. మూడో రోజుకల్లా చీము విషం నెత్తురుకెక్కి కిడ్నీలు, ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. ఆసుపత్రి యంత్రం పుండులోని క్రిమి మీద అన్ని మందులూ పరీక్షించి, అది దేనికీ చావదని తేల్చింది.

"మా అమ్మ కాలంలో ఇలాంటి పుండు నాలుగు యాంటీబయాటిక్ మాత్రలతో తగ్గేదట," అంది డాక్టరు. "ఈయనేం పని చేస్తారు?"

అతని భార్య నూకరత్నం మండిపడింది.

"రొయ్యల మేతలో ఆ మాత్రల పొడే కలుపుతారండీ! జబ్బున్నా లేకపోయినా రోజూ కలపమంటారు, చెరువులో క్రిములు ఆ మందుకి అలవాటుపడిపోవా? పదేళ్లుగా ఈయన చేతుల్తోనే!"

అంతలో పోలినాయుడి చేతికున్న ఫోను బ్యాండులోంచి చెరువు యజమాని అరిచాడు.

"మేతలో మందు కలపడానికి ఎవడూ రాలేదేంటి?"

నూకరత్నం ఆ బ్యాండు నోటి దగ్గరకు తీసుకుంది.

"ఇయ్యాల మీరే కలుపుకోండి. చేతికి చిన్న గీతైనా పడకుండా చూసుకోండి!"