పాస్టరుగారి పిలుపు

మా ఆయన పాస్టరు. చర్చిలో వెనక బెంచీల్లో కూర్చుని, ప్రార్థన కాగానే వెళ్లిపోయే వేరే భాషవాళ్లను మాలో కలుపుకోవాలని ఆయన ఆరాటం. ‘మీకు శాంతి కలుగుగాక’ అన్న మాటను వాళ్ల భాషలో వారమంతా అద్దం ముందు వల్లెవేశారు.

ఆదివారం గొంతెత్తి అనేశారు. వెనక బెంచీలు కేరింతలు కొట్టాయి.

ప్రార్థన ముగిశాక వాళ్లలో తెలుగొచ్చిన పెయింటరు ఒకడు నా దగ్గరికొచ్చాడు. “అమ్మగారూ, అయ్యగారు మమ్మల్నందర్నీ ఇవాళ భోజనానికి పిలిచారు. ఎన్నింటికి రమ్మంటారు?”

గబగబా తలలు లెక్కపెట్టి మా ఆయన దగ్గరికి పరుగెత్తాను. ముప్పైమంది!

“నోరు తిరక్క ఇంకేదో అనేసినట్టున్నానే!” అని మా ఆయన తల పట్టుకున్నారు.

ముందు బెంచీలవాళ్లు సంగతి విని పగలబడి నవ్వారు. ఎవరింట్లో వండింది వాళ్లు గిన్నెలతో సహా పట్టుకొచ్చారు. మా ఇల్లు మెట్లదాకా నిండిపోయింది. అందరూ తలో భాషలో పాడుతుంటే కిటికీలు అదిరాయి.

వాళ్లు బయల్దేరుతుంటే ఉండబట్టలేక పెయింటరుతో చెప్పేశాను. “అయ్యగారు ఆ మాట తప్పు పలికారయ్యా.”

“లేదమ్మా, ముత్యంలా పలికారు,” అని నవ్వాడు. “మాకు శాంతి కలగాలని ఏడాదిగా అందరూ అంటూనే ఉన్నారు. భోజనానికి మాత్రం ఎవరూ పిలవలేదు. అందుకని ఆ ముక్క నేనే కలిపాను.”