దానికి వైరస్ రాదు

"సొంత పెన్‌డ్రైవ్ పెట్టిన మాట నిజమేనా?" డైరెక్టరు మూడోసారి అడిగాడు.

"నిజమే సార్. మా అమ్మాయి కాలేజీ వ్యాసం. ప్రింటు తీసుకుందామని పెట్టాను. పెట్టేముందు స్కాన్ కూడా చేశాను, ఏమీ లేదనే చూపించింది." టైపిస్టు కూడా ఆ జవాబు మూడోసారే చెప్పింది.

అది చూపులేనివాళ్ల కోసం పుస్తకాలు తయారుచేసే సంస్థ. టైపిస్టు పుస్తకమంతా కంప్యూటర్లో కొడితే, పక్కగదిలో మిషన్ దాన్ని మందపాటి కాగితాల మీద చుక్కలుగా పొడుస్తుంది. పదకొండేళ్లలో ఆమె కొట్టినవి నాలుగు వందల పుస్తకాలు. పోయిన సోమవారం పొద్దున కంప్యూటర్ తెరిస్తే ఒక్క ఫైలూ తెరుచుకోలేదు. వైరస్ అన్నిటికీ తాళాలు బిగించి కూర్చుంది. కాపీలు దాచే డిస్కు కూడా ఆ రోజు దానికే తగిలించి ఉంది. పుట్టి నిండా మునిగింది.

ఎవరో ఒకరు బాధ్యులు కావాలి. సొంత పెన్‌డ్రైవ్ పెట్టానని తన నోటితోనే ఒప్పుకున్న మనిషి ఎదురుగానే ఉంటే ఇంకొకరి కోసం వెతకడం ఎందుకు?

డైరెక్టరు పక్కన కుర్చీలో డాక్టరు కూర్చున్నాడు. మందుల డాక్టరు కాదు. ఆఫీసులో కంప్యూటర్లన్నీ చూసుకునేది అతనే. నాడి చూసినట్టు మౌస్ పట్టుకుంటాడని అందరూ అలా పిలుస్తారు. తను ఉద్యోగంలో చేరిన రోజే టైపిస్టు విండోస్‌కు ఉచితంగా దొరికే యాంటీవైరస్ వేశాడు. డైరెక్టరు మ్యాక్‌కూ ఉచితమైనదే వెతికి తెచ్చి వేశాడు. తన లినక్స్‌కు మాత్రం ఏదీ వేసుకోలేదు. "దానికి వైరస్ రాదు," అనేవాడు, తమ వంశంలో ఎవరికీ జలుబే చేయలేదన్నంత ధీమాగా.

"మీరేమైనా గమనించారా?" డైరెక్టరు ప్రూఫ్‌రీడరును అడిగాడు. ఆ పెద్దాయన చూపు లేనివాడు. వేళ్లతో చదివి తప్పులు దిద్దుతాడు.

"చూడటానికి నాకేముంది సార్, వినపడింది చెప్పాలి. మొన్న గురువారం భోజనాల వేళంతా డాక్టరుగారి గదిలో కంప్యూటర్ ఫ్యాను ఒకటే రొద. నాకు ఒక్క పేజీ సాగలేదు."

డైరెక్టరు నవ్వాపుకున్నాడు. "నేను అడిగేది ఈవిడ గురించండీ."

"ఈవిడ గురించా? పదకొండేళ్లుగా ఈవిడ కొట్టింది నా వేళ్ల కిందనుంచి పోతోంది. ఇంత శుభ్రంగా పనిచేసే మనిషి నాకు తగల్లేదు."

ఆ మాట డైరెక్టరు రాసుకుంటున్న కాగితం మీదికి ఎక్కలేదు.

టైపిస్టు డాక్టరు వైపు తిరిగింది. అతన్ని తమ్ముడూ అనే పిలుస్తుంది. రోజూ తన అన్నం డబ్బాలో సగం అతనికే పెడుతుంది.

"నా కంప్యూటర్‌కు నెట్ లేదు కదా తమ్ముడూ. బయటినుంచి వచ్చిన పుస్తకాలు నువ్వు పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇస్తావు. నీది, మా అమ్మాయిది, ఆ రెండే పెట్టాను."

"నాది లినక్స్ అక్కా. దానికి రాదు."

"దానికి రాకపోతే రాకపోనీ. అందులో దాక్కుని నా దాకా రావడానికి ఏం అడ్డం? లినక్స్‌లో వేసి చూసుకునేవి కూడా ఉచితంగానే దొరుకుతాయట, మా అమ్మాయి చెప్పింది. ఒకసారి వేసి చూడరాదూ. ఎంతసేపు పడుతుంది?"

"నలభై నిమిషాలు," అన్నాడు డాక్టరు. వెంటనే తల దించుకున్నాడు. "అనవసరం అక్కా."

"కాలేజీ పిల్ల చెప్పినట్టు విచారణ చేయమంటారా?" అన్నాడు డైరెక్టరు. "ఇతనే కదమ్మా, శుక్రవారం అందరి పాత పెన్‌డ్రైవ్‌లూ వసూలు చేసి, సుత్తితో పగలగొట్టి, సొంత ఖర్చుతో కొత్తవి పంచింది. అదీ జాగ్రత్తంటే. మీరు రాజీనామా ఇస్తే గౌరవంగా ఉంటుంది. లేదంటే కమిటీకి రాయాలి, ఆపైన ఇంకెక్కడా మీకు పని దొరకదు."

ఇంకో మూడేళ్లు చేసి ఉంటే ఆమె సర్వీసు సజావుగా ముగిసేది. పిల్ల చదువూ అయిపోయేది. ఆమె రాజీనామా మీద సంతకం పెట్టింది.

డాక్టరే ఆమె సామాను గేటు దాకా మోశాడు. సామానంటే ఏముంది, కుర్చీలో వేసుకునే దిండు, కళ్లద్దాల పెట్టె, పుస్తకం నిలబెట్టుకునే చెక్క స్టాండు.

"నలుగురు చదువుకునేవి నా చేతులతో నేనే నాశనం చేశానేమో తమ్ముడూ," అంది టైపిస్టు.

"ఊరుకో అక్కా." డాక్టరు కళ్లనిండా నీళ్లు. దొంగ ఏడుపు కాదు, నిజంగానే ఏడ్చాడు. ఆమే కొంగుతో అతని మొహం తుడిచి, "నీ తప్పేముంది, నువ్వెందుకు బాధపడటం?" అని సముదాయించి వెళ్లిపోయింది.

అతను వెనక్కి వచ్చేసరికి డైరెక్టరు కాస్త మెత్తబడి ఉన్నాడు. "పోనీ, ఆవిడ అంతగా అడిగింది కదా. ఉచితమేగా, నీ దానిలో కూడా ఓసారి వేసి చూడు. ఫైల్లో రాసుకోవడానికి పనికొస్తుంది."

"అలాగే సార్," అన్నాడు డాక్టరు.

ఆయన ఎదురుగానే యాంటీవైరస్ వేసి నడిపించాడు. ఫ్యాను రొద మొదలైంది. సరిగ్గా నలభై నిమిషాలు పట్టింది. వైరస్ ఒక్కటీ లేదని తెర మీద పడింది. డైరెక్టరు తృప్తిగా తలూపి, టైపిస్టు ఫైల్లో ఆ ముక్క రాసి మూసేశాడు.

మొన్న గురువారం భోజనాల వేళ ఇదే లినక్స్‌లో ఇదే యాంటీవైరస్, టైపిస్టుకు తను ఎక్కించి ఇచ్చిన పుస్తకాల మధ్య ఆ వైరస్‌ను పట్టి చూపించినప్పుడే, డాక్టరు దాన్ని, ఆపైన యాంటీవైరస్‌నూ ఆనవాలు లేకుండా తుడిచేశాడు.