పాచికంత ముక్క

ఫోమ్‌ని ఎంత చిన్న ముక్కగా కోస్తే అంత మెత్తబడుతుందని నా వాదన. కోసిన అంచుల్లో గాలిగదులు తెగిపోయి బరువు మోయవు కదా! మా ప్రొఫెసర్ నమ్మలేదు.

ఆ రాత్రి ల్యాబులో ఒక్కదాన్నే పదకొండు ముక్కలు మెషీన్‌లో నొక్కి చూశాను. అన్నీ నా మాటే విన్నాయి! గంతులేస్తూ అక్కకి ఫోన్ చేశాను.

"గెలిచానక్కా! ఇంకొక్కటే, పాచికంత ముక్క."

"తొందరగా నొక్కేసి ఇంటికి రావే," అంది నవ్వుతూ.

ఫోన్ స్పీకర్‌లో పెట్టి, ఆ ముక్కని మెషీన్ ఉక్కు పలకల మధ్య ఆనీ ఆనకుండా పెట్టాను. మెషీన్ ఇంకా నడపనేలేదు. తెరమీద బరువు చూపే అంకె పెరిగింది. తగ్గింది. మళ్ళీ పెరిగింది. ముక్కే పైపలకని నెడుతోంది!

"ఏంటే ఆ ఆయాసం? పరిగెడుతున్నావా?" అంది అక్క.

నేను ఊపిరి బిగబట్టాను. అంకె పెరుగుతూ తగ్గుతూనే ఉంది.

"అబ్బ, కాసేపు కూర్చోవే," అంది అక్క. "ఇంకా రొప్పుతూనే ఉన్నావు."