మూడు ముక్కల తాళం

“ముందు నాది కొట్టాలి. రక్తదాతల సంఘం పెట్టింది నేను” అన్నాడు మందుల షాపాయన, కంప్యూటర్ ముందు కుర్చీ వదలకుండా.

స్టూడియో ఫొటోగ్రాఫర్ ఒప్పుకోలేదు. కంప్యూటర్ తనదట. లెక్కల మాస్టారు తన వయసు గుర్తుచేశారు.

ఆసుపత్రి నుంచి పరుగెత్తుకొచ్చిన నర్సుకు ఏడుపొక్కటే తక్కువ. వార్డులో బాలింతకు గంటలో ఆపరేషన్, దొరకని గ్రూపు రక్తం. ఆ గ్రూపు దాతల నంబర్లన్నీ సంఘం వెబ్‌సైట్‌లోనే ఉన్నాయి. గడువు తీరిన డొమైన్‌ను, అంటే సైటు పేరును, ఎవరూ పట్టించుకోక, పొద్దున్నే సైటు మూతపడింది. రెన్యువల్ చేస్తే గానీ తెరుచుకోదు.

చేయాలంటే పాస్‌వర్డ్ కావాలి. డొమైన్ ఒక్కరి గుప్పిట్లో ఉండకూడదని, కిందటేడు ముగ్గురూ తలా ఓ తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లో, మిగతా ఇద్దరూ గోడవైపు తిరిగి ఉండగా కొట్టారు. ఎవరి తర్వాత ఎవరో మాత్రం రాసిపెట్టుకోలేదు. మహానుభావులు! ఇప్పుడు ఒక్క తప్పు పడినా తాళం రేపటిదాకా బిగుసుకుంటుంది.

“ఆ మాటలేవో నా చెవిలో చెప్పండి, నేను కొడతాను” అంది నర్సు.

ఆస్తి కాగితాలు అడిగినట్టు చూశారు ముగ్గురూ.

“అది రహస్యమమ్మా” అన్నారు మాస్టారు. “నమ్మకం మీద నడిచే సంఘం ఇది. నీదీ నాదీ అంటూ ఏముంది, అంతా మనదే. కాకపోతే పెద్దవాణ్ణి కాబట్టి నేను ముందు.”

అరగంట గడిచింది. పెట్టింది ఎవరు, పెంచింది ఎవరు, బ్యానర్ మీద ఎవరి ఫొటో చిన్నదైంది, అన్నీ తవ్వుకున్నారు. వార్డు నుంచి మళ్లీ ఫోన్ వచ్చింది. నర్సు ఫోన్ పెట్టేసింది.

“బాబాయిగారూ, ఆ పిల్లకు ఇరవై ఏళ్లండీ” అంది మాస్టారితో.

అప్పుడు కాస్త సిగ్గుపడ్డారు. చీట్లు వేశారు. ఫొటోగ్రాఫర్ పాత కెమెరా నల్లగుడ్డ తెచ్చాడు. చీటీ వచ్చిన వరసలో ఒక్కొక్కరే తలమీదుగా అది కప్పుకుని, తమ ముక్క కొట్టి బయటికొచ్చారు. తెర మీద పదిహేను చుక్కలు.

నర్సుకు ధైర్యం చాల్లేదు. అక్షరం జారిందేమో చూద్దామని పక్కనున్న కన్ను గుర్తు నొక్కింది. ముగ్గురూ ఒక్కసారే తెర మీద చేతులు అడ్డం పెట్టబోయారు, అప్పటికే ఆలస్యమైంది.

మూడు చోట్లా ఒకటే మాట: ‘నాదే’.