మంచు కింద బొమ్మ

"ఆ గదొద్దు తురిడ్. పిల్ల జడుసుకుంటుంది," అన్నాడు ఐవిన్, గుమ్మం దగ్గరే ఆగిపోయి.

"పిల్లా, నువ్వా బావా?" అంది తురిడ్.

 పొద్దుట్నించీ స్కీ మ్యూజియమంతా బాగానే తిరిగాడు. మంచు మీద జారడానికి తొడుక్కునే తాతలనాటి చెక్క స్కీలు తడిమి చూశాడు. తెర ముందు నిలబడి ఉత్తుత్తి కొండ మీంచి ఎగిరి దూకాడు. స్కీలకి రాసే మైనాల వాసన చూసి పేర్లు చెప్పే పందెంలో కూతురు సిగ్నే చేతిలో చిత్తుగా ఓడిపోయాడు కూడా. సముద్రం ఒడ్డున పుట్టి పెరిగినవాడికి మైనాల సంగతేం తెలుస్తుంది? కానీ ఈ మంచుగది దగ్గరికి వచ్చేసరికి కాళ్ళు ముందుకు పడలేదు.

తురిడ్ వాళ్ళని ఇంత దూరం తీసుకొచ్చిందే ఈ గది కోసం. ఆ సంగతి అతనికి చెప్పలేదు.

పోయిన ఈస్టర్ సెలవుల్లో ఆమె అక్క రాగ్న, ఐవిన్ కలిసి కొండెక్కారు. మంచుచరియ విరిగిపడి రాగ్న పూడిపోయింది. ఇద్దరి ఛాతీలకీ చిన్న రేడియో పెట్టెలు కట్టి ఉన్నాయి. పూడిన మనిషి పెట్టె సంకేతం పంపుతూనే ఉంటుంది. పైనున్న మనిషి తన పెట్టెని వెతికే మీటకి మార్చుకుని ఆ జాడ పట్టుకుంటూ పోవాలి. పావుగంటలోపు తవ్వి తీస్తే ప్రాణం దక్కే ఆశ ఉంటుంది. ఐవిన్‌కి అది చేతకాలేదట. దాన్ని నేనెప్పుడూ ముట్టుకోలేదు, బయల్దేరేటప్పుడు రాగ్నే నాకు కట్టింది అని పోలీసుల ముందు వెక్కి వెక్కి ఏడ్చాడు. సాయం వచ్చేసరికి అంతా అయిపోయింది. ప్రమాదమని తేల్చి పోలీసులు చేతులు దులుపుకున్నారు.

తురిడ్ దులుపుకోలేకపోయింది. అంతకు వారం ముందే అక్క ఫోన్ చేసి, ఈయనతో కాపరం ఇక నా వల్ల కాదే, సిగ్నేని తీసుకుని వచ్చేస్తాను అంది. అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా! ఏడాదిగా అది ఆమెకి కంటి మీద కునుకు లేకుండా చేస్తోంది. అప్పట్నించీ సిగ్నే ఆమె దగ్గరే ఉంటోంది. ఇప్పుడు నా కూతుర్ని నాకిమ్మని తండ్రి అడుగుతున్నాడు. పిల్లల సంక్షేమం చూసే అధికారిణి తురిడ్ మాట కోసం కాచుకుని ఉంది. సరేనంటే పిల్ల ఈ రోజే తండ్రి కారెక్కుతుంది. కాదంటే ఎందుకో చెప్పాలి. ఒట్టి అనుమానాన్ని ఏమని చెబుతుంది?

అందుకే ఈ పరీక్ష. నోరు అబద్ధమాడొచ్చు గానీ, వచ్చిన విద్యని చేతులు దాచలేవని ఆమె నమ్మకం.

గది నిండా మోకాలి లోతు మంచు. నిజం మంచే. దాని అడుగున ఎక్కడో మనిషంత బొమ్మ, ఛాతీకి సంకేతం పంపే పెట్టెతో. దీపాలు తగ్గాయి. గాలి హోరు వినిపించింది, ఆ హోరులోంచి గుండె చప్పుడు. బొమ్మ దొరికేదాకా ఆ చప్పుడు మెల్లమెల్లగా మందగిస్తూ పోతుంది. ఇదేం ఆటరా దేవుడా అనుకుంది తురిడ్.

గది చూసుకునేవాళ్ళు వెతికే పెట్టె చేతికిచ్చారు. ముందు సిగ్నే వెళ్ళింది. తొమ్మిదేళ్ళ పిల్ల. పెట్టెని మంచుకి ఆనించినంత కిందికి పట్టి, వంగి, నెమ్మదిగా నడిచింది. పెట్టె కూత హెచ్చినవైపు తిరిగింది, తగ్గితే వెనక్కొచ్చింది. మోకాళ్ళ మీద కూర్చుని పెట్టెని అటూ ఇటూ జరిపి, ఒకచోట చేత్తో తవ్వింది. బొమ్మ చెయ్యి బయటపడింది. చూస్తున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. నార్వే కొండ ఊళ్ళలో పిల్లలకి నడక సరిగ్గా రాకముందే స్కీలు తొడుగుతారు, బళ్ళో ఇవన్నీ నేర్పకుండా ఉంటారా అనుకుంది తురిడ్. ఆమె చూపంతా ఐవిన్ మీదే ఉంది.

"ఇక నువ్వు, బావా."

అతన్ని గోడవైపు తిరగమని చెప్పి బొమ్మని వేరేచోట పాతారు. ఐవిన్ పెట్టెని తలకిందులుగా పట్టుకున్నాడు. ఏ మీట నొక్కాలో తెలీక అన్నీ నొక్కాడు. చేతిని పైకెత్తి, కుడితిలో పడ్డ ఎలుకలా గదంతా కొట్టుకున్నాడు. బొమ్మ మీంచే నడిచిపోయాడు, మళ్ళీ వెనక్కొచ్చి మళ్ళీ దాని మీంచే పోయాడు. సిగ్నేకి నవ్వాగలేదు. "ఇక చాల్లే నాన్నా," అంది. తప్పు, నవ్వకూడదని తురిడ్ కసిరింది.

గుండె చప్పుడు ఆగిపోయింది. దీపాలు వెలిగాయి.

ఐవిన్ మంచులోనే కూలబడి మొహం చేతుల్లో దాచుకున్నాడు. "ఆ రోజూ ఇంతే తురిడ్. నా కాళ్ళ కిందే ఉందేమో. నాకు తెలీలేదు."

తురిడ్ మనసు కరిగి నీరైంది. ఏమీ ఎరగని మనిషిని పట్టుకుని ఏడాదిపాటు హంతకుడనుకున్నానే, నా బుద్ధి తగలబడ అని తనని తానే తిట్టుకుంది. అక్కడే నిలబడి అధికారిణికి ఫోన్ చేసి, పిల్లని తండ్రితో పంపడానికి నాకే అభ్యంతరమూ లేదని చెప్పేసింది. కింద క్యాంటీన్లో జున్ను పెట్టిన వాఫుల్స్ తింటూ అతని చెయ్యి పట్టుకుని క్షమించమంది. నీ చోట నేనున్నా అనుమానించేవాణ్ణే అన్నాడు ఐవిన్. ఎంత పెద్ద మనసో అనుకుంది తురిడ్.

ఈ సెలవులకి కూతుర్ని కొండ మీది చెక్క ఇంటికి తీసుకెళతాడట. ఇద్దరే. రోజూ స్కీల మీద పైకెళ్ళి వస్తారట. పిల్లకి కాస్త గాలి మారుతుంది, వెళ్ళిరండి అంది.

బయటికొచ్చేసరికి మంచు జోరుగా కురుస్తోంది. సిగ్నే సంచీ, స్కీలూ కారులోకెక్కాయి. ఐవిన్ బండి స్టార్ట్ చేశాడు. తురిడ్ కిటికీలోంచి వంగి పిల్ల టోపీ చెవుల మీదికి లాగింది.

"జాగ్రత్త తల్లీ. బళ్ళో నేర్పిన ఆ విద్య మీ నాన్నకి కూడా కాస్త నేర్పు."

సిగ్నే పకపకా నవ్వింది.

"బళ్ళో కాదు పిన్నీ, అమ్మ ఉన్నప్పుడు నాన్నే నేర్పాడు."